జపమాలతో కొలిచిన టిబెట్

జపమాలకు నూట ఎనిమిది పూసలుంటాయి. నైన్ సింగ్ రావత్ చేతిలోని మాలకు వందే ఉండేవి. దారిలో ఎదురైన లామాలకు, వర్తకులకు, సరిహద్దు కాపలాదారులకు వాటిని లెక్కపెట్టాల్సిన పనేముంది? పెదవులు కదులుతున్నాయి, పూసలు జరుగుతున్నాయి, యాత్రికుడే అనుకుని వదిలేశారు. అతనేమో నూరు అంగలకు ఒక పూస జరుపుతున్నాడు. మాల ఒక చుట్టు తిరిగితే పదివేల అంగలు. మైలుకు సుమారు రెండు వేల అంగలు పడేట్టు అతని నడకను తీర్చిదిద్దారు గనక, ఒక చుట్టు అంటే దాదాపు అయిదు మైళ్లు. ఎగుడైనా దిగుడైనా, బురదైనా మంచైనా అంగ పొడవు మారకూడదు. డెహ్రాడూన్ సర్వే కార్యాలయంలో అతని చేత అన్నిటికన్నా ఎక్కువగా సాధన చేయించింది ఈ నడకనే.

ఆ మాల కొలిచింది టిబెట్ పీఠభూమిని. అంత ఎత్తున అంత వెడల్పైన నేల భూమ్మీద ఇంకోటి లేదు. విస్తీర్ణం సుమారు 25 లక్షల చదరపు కిలోమీటర్లు. మొత్తం భారతదేశమే 33 లక్షలకు కాస్త అటూ ఇటూ. సగటు ఎత్తు 4,500 మీటర్ల పైమాటే. మన తూర్పు కనుమల్లో ఎత్తైన కొండలు కూడా 1,700 మీటర్లు దాటవని గుర్తు పెట్టుకుంటే, అక్కడి మైదానాలే ఎంత ఎత్తులో ఉన్నాయో తెలుస్తుంది. నాలుగు పక్కలా కొండలే. దక్షిణాన హిమాలయాలు, వాయవ్యాన కారకోరం, ఉత్తరాన కున్‌లున్, ఈశాన్యాన ఛిలియన్, తూర్పున హెంగ్‌దువాన్. లోపల మళ్లీ రెండు లోకాలు. ఉత్తరాన చాంగ్‌థాంగ్: చెట్టు మొలవదు, వాన అంతంతమాత్రం, వాగుల్లోకి వచ్చిన నీరు సముద్రానికి పోయే దారి లేక ఉప్పు సరస్సుల్లో ఇంకిపోతుంది. దక్షిణాన సాంగ్‌పో నది లోయ: బార్లీ పండుతుంది, ఊళ్లున్నాయి, మఠాలున్నాయి, లాసా ఉంది. సింధు, బ్రహ్మపుత్ర, సాల్వీన్, మెకాంగ్, యాంగ్‌ట్సీ, పసుపు నది అన్నీ ఈ నేల మీదే పుట్టాయి.

అక్కడి గొర్రెల కాపరులకు, వర్తకులకు ఈ సంగతులు తరతరాలుగా తెలిసినవే. కాబట్టి దీన్ని 'కనుక్కోవడం' అనడం నాకు అంతగా నచ్చదు. పటం మీద మాత్రం 1860ల దాకా ఆ చోటంతా దాదాపు తెల్లకాగితం. లాసా ఏ అక్షాంశం మీద ఉందో, ఎంత ఎత్తులో ఉందో కలకత్తాలో గాని లండన్‌లో గాని ఎవరూ ఖచ్చితంగా చెప్పలేని స్థితి. తెల్లవాళ్లను లోపలికి రానివ్వకూడదని టిబెట్ పాలకులు, వాళ్ల మీద పెత్తనం చేసే చీనా చక్రవర్తి ప్రతినిధులు గట్టిగా నిర్ణయించుకున్నారు. ఈ పక్కన బ్రిటిష్ ఇండియా సరిహద్దులు పైకి పాకుతున్నాయి, ఆ పక్కన రష్యా మధ్య ఆసియాలోకి దిగుతోంది. అలాంటప్పుడు తలుపులు మూసుకోవడంలో తప్పేముంది?

సర్వే శాఖలో పనిచేసే కెప్టెన్ థామస్ మాంట్‌గొమెరీకి లడఖ్‌లో ఉన్నప్పుడు ఒక విషయం కంటపడింది. తెల్లవాడు దాటలేని కనుమల్ని ఈ దేశపు వర్తకులు, యాత్రికులు ఏ అడ్డూ లేకుండా దాటి వస్తున్నారు. వాళ్లలోంచే మనుషుల్ని ఎంచి కొలతలు నేర్పితే? మొదట మహమ్మద్-ఇ-హమీద్ అనే మున్షీని యార్కండ్ పంపాడు. అతను పని పూర్తి చేశాడుగానీ తిరుగు దారిలో చనిపోయాడు. నోటు పుస్తకాలు మాత్రం చేతికందాయి. పద్ధతి పనిచేస్తుందని తేలింది. 1863లో కుమావు కొండల్లోని మిలం ఊరి నుంచి ఇద్దరు దాయాదులు డెహ్రాడూన్ వచ్చారు. ఒకరు మణి సింగ్, ఇంకొకరు నైన్ సింగ్.

మిలం వాళ్లు భోటియాలు. వేసవిలో కనుమలు దాటి టిబెట్ వెళ్లి ఉప్పు, ఉన్ని తెచ్చుకోవడం వాళ్ల కులవృత్తి. టిబెటన్ భాష వచ్చు, మర్యాదలు తెలుసు, మొహం కూడా అక్కడ కలిసిపోతుంది. నైన్ సింగ్ అప్పటికి ముప్పై దాటినవాడు, ఊళ్లో బడిపంతులు. అందుకే సర్వే కాగితాల్లో అతని పేరు 'పండిట్' అయింది. తర్వాత ఈ రహస్య సర్వేయర్లందరికీ అదే పేరు స్థిరపడింది.

అతను మోసుకెళ్లిన సరంజామా చూడండి. చేతిలో తిప్పే ప్రార్థనా చక్రం లోపల మంత్రం చుట్ట ఉండాల్సిన చోట కొలతలు రాసుకునే కాగితం, ఒక దిక్సూచి. ప్రార్థన చేసుకుంటున్నవాణ్ని మధ్యలో పలకరించకూడదు. ఎవరైనా దగ్గరికొస్తున్నారనిపిస్తే చక్రం తిప్పడం మొదలుపెడితే చాలు. పెట్టెకు దొంగ అడుగు, దాని కింద సెక్స్‌టెంట్. చేతికర్రలో థర్మామీటర్. గవ్వల్లో పాదరసం పోసి మైనంతో మూసేశారు. రాత్రి అందరూ పడుకున్నాక ఆ పాదరసాన్ని చెక్క గిన్నెలో పోస్తే అదొక కదలని అద్దం అవుతుంది. అందులో పడిన నక్షత్రానికీ ఆకాశంలో ఉన్న నక్షత్రానికీ మధ్య కోణం సెక్స్‌టెంట్‌తో చూసి, అందులో సగం తీసుకుంటే నక్షత్రం ఎంత ఎత్తులో ఉందో తెలుస్తుంది. దాన్నుంచి అక్షాంశం.

ఎత్తు కొలిచే తీరు ఇంకా బాగుంటుంది. దానికి కావలసింది నిప్పు, గిన్నె, థర్మామీటర్. పైకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. సముద్రం ఒడ్డున నూరు డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర తెర్లే నీళ్లు లాసాలో 88 డిగ్రీలకే తెర్లుతాయి, చాంగ్‌థాంగ్ మీద 85 దాకా వచ్చేసరికే కుతకుతలాడతాయి. ఆ మీద ఎంత మంట పెట్టినా ఆవిరి పెరుగుతుందిగానీ వేడి పెరగదు. పప్పుడుకడానికి అక్కడ ప్రాణం విసుగెత్తుతుంది. టీ కాచుకుంటున్న బాటసారి గిన్నెలోకి ఒక సన్నని గాజు గొట్టాన్ని ముంచి తీస్తే ఎవరు పట్టించుకుంటారు? ఒక్క డిగ్రీ తేడాకు సుమారు మూడు వందల మీటర్ల ఎత్తు. పావు డిగ్రీ తప్పు చదివితే డెబ్బై అయిదు మీటర్లు పోయినట్టే. మధ్యలో ఊదే గాలి, ఆరిపోయే పేడ మంట, వణికే వేళ్లు. ఆ పరిస్థితుల్లో అతను రాసుకొచ్చిన అంకెలు ఆసియా పటానికి ఆధారమయ్యాయంటే ఆశ్చర్యమే.

1865లో బయల్దేరాడు. నేరుగా కుమావు నుంచి పోవడం కుదరక ఖాట్మండూ మీదుగా ప్రయత్నించాడు, సరిహద్దులో ఒకసారి వెనక్కి తిప్పి పంపారు, ఇంకో వేషంలో మళ్లీ వెళ్లాడు. సాంగ్‌పో ఒడ్డున లాసా పోయే లడఖ్ వర్తకుల బిడారుతో కలిశాడు. వాళ్లు గుర్రాల మీద పోతుంటే ఈయన నడక. షిగాత్సేలో డబ్బు అయిపోయింది. అక్కడి నేపాలీ దుకాణదారులకు లెక్కలు రాయడం నేర్పి నాలుగు రూపాయలు సంపాదించుకున్నాడు. బడిపంతులు విద్య ఎక్కడికి పోతుంది! 1866 జనవరిలో లాసా చేరాడు. మూడు నెలలు ఉన్నాడు. అనుమతి లేకుండా నగరంలోకి వచ్చిన ఒక చీనా మనిషికి బహిరంగంగా తల నరికిన రోజున తానూ ఊళ్లోనే ఉన్నాడు. ఆ తర్వాత గడప దాటడం తగ్గించుకున్నాడు. ఏప్రిల్‌లో మళ్లీ బిడారుతోనే పడమటికి నడిచి, ఏడాది చివరి నెలల్లో డెహ్రాడూన్ చేరాడు. మొత్తం 1,200 మైళ్లు. మాంట్‌గొమెరీ చేతిలో పెట్టిన కాగితాల్లో లాసా అక్షాంశం ఉంది, ఎత్తు ఉంది, సాంగ్‌పో నది వందల మైళ్ల పొడవునా ఎటు వంగిందో ఉంది.

మరుసటి ఏడాది పడమటి టిబెట్‌లోని థోక్ జాలుంగ్ బంగారు గనులకు పంపారు. సముద్ర మట్టానికి 16 వేల అడుగుల పైన, గాలి దెబ్బకు గుడారాలు నేల మీద నిలవక ఏడెనిమిది అడుగుల గోతుల్లో వేసుకున్నారు. చలికాలంలో గుడారాల సంఖ్య తగ్గాల్సింది పోయి దాదాపు రెట్టింపవుతుందని నైన్ సింగ్ రాశాడు. కారణం చలిలో నేల గడ్డకడుతుంది, తవ్విన గోడ కూలదు. అక్కడి పనివాళ్లకు చలి ప్రాణాంతకమే అయినా, వేసవిలో మీద పడే మట్టి ఇంకా ప్రాణాంతకం. ఇలాంటి వివరం ఒక్కటి చాలు, ఆ మనిషి కళ్లు అంగల లెక్క దగ్గరే ఆగిపోలేదని చెప్పడానికి.

అతని చివరి ప్రయాణం 1874లో. లడఖ్‌లోని లే నుంచి లామా వేషంలో, సామాను గొర్రెల వీపున వేసి, చాంగ్‌థాంగ్ సరస్సుల మీదుగా తూర్పుకు. లాసాలో ఒక లే వర్తకుడు గుర్తుపట్టేసరికి రెండు రోజుల్లో ఊరు విడవాల్సొచ్చింది. కొలతల కాగితాల్ని నమ్మకస్తుల చేతికిచ్చి లేకు పంపి, తాను దక్షిణాన తవాంగ్ మీదుగా 1875 మార్చిలో అస్సాంలో దిగాడు. పటంలో లేని సరస్సుల వరుస ఒకటి, సాంగ్‌పోకు ఉత్తరాన దానికి సమాంతరంగా సాగే మంచు పర్వతాల వరుస ఒకటి ఆ ప్రయాణంలో పటానికెక్కాయి. ముప్పై ఏళ్ల తర్వాత స్వీడన్ యాత్రికుడు స్వెన్ హెడిన్ ఆ కొండల్ని అనేక చోట్ల దాటి, వాటికి ట్రాన్స్‌హిమాలయ అని పేరు పెట్టి, ప్రపంచమంతా కీర్తి పొందాడు. హెడిన్ కష్టాన్ని తక్కువ చేయనక్కర్లేదు. ఆ వరుసలో తూర్పు భాగాన్ని ఒక బడిపంతులు ముందే గీసి పెట్టాడని చెప్పుకోవడం మాత్రం మన బాధ్యత. 1877లో లండన్ రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ నైన్ సింగ్‌కు బంగారు పతకం ఇచ్చింది. 2004లో మన తపాలా శాఖ స్టాంపు వేసింది.

అతని బంధువు కిషన్ సింగ్ కథ ఇంకా కఠినం. సర్వే కాగితాల్లో అతను 'ఎ.కె.' 1878లో లాసాకు బయల్దేరి, అక్కడ ఉత్తరానికి పోయే బిడారు కోసం ఏడాది ఆగి, పీఠభూమిని అడ్డంగా దాటి గోబీ అంచున ఉన్న దున్‌హువాంగ్ చేరాడు. మధ్యలో దొంగలు దోచుకున్నారు, ఒక తోడు మనిషి ఉన్నదంతా తీసుకుని పారిపోయాడు. ఒక చోట దొంగల భయంతో బిడారంతా గుర్రాలెక్కింది. కిందికి దిగి నడుస్తానంటే అనుమానిస్తారు. ఎ.కె. గుర్రమెక్కి, దాని కుడి ముంగాలు ఎన్నిసార్లు నేలకు తగిలిందో లెక్కపెడుతూ పోయాడు. నాలుగేళ్ల తర్వాత 1882లో డార్జిలింగ్ దిగేసరికి ఒంటి మీద చిరుగు బట్టలు, ఇంటి దగ్గర ఉన్న ఒక్కగానొక్క కొడుకు చనిపోయాడన్న కబురు. నడిచిన దూరం 2,800 మైళ్లు. లెక్క తప్పలేదు.

ఇదంతా సామ్రాజ్యం చేయించిన గూఢచర్యమన్న సంగతి దాచిపెట్టనక్కర్లేదు. 1904లో యంగ్‌హజ్‌బండ్ నడిపిన బ్రిటిష్ సైన్యం లాసాకు తుపాకులతో నడిచినప్పుడు, గురు అనే ఊరి దగ్గర వందలమంది టిబెటన్లను చంపినప్పుడు, ఆ దారులు అంతకుముందే కాగితం మీద ఉన్నాయి. పండిట్ల ధైర్యాన్ని మెచ్చుకునేటప్పుడు ఈ మాట పక్కనే ఉండాలి.

పండిట్లు కొలిచింది పీఠభూమి పైభాగం. దాని అడుగున ఏముందో అంతకన్నా ముందే బయటపడింది, అదీ మైదానంలో. ఆ కథలో మన ప్రాంతానికీ కొంచెం భాగం ఉంది.

1802లో విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర ఏడున్నర మైళ్ల ఆధార రేఖను గొలుసుతో కొలిచి, అక్కణ్నుంచి త్రిభుజం పక్కన త్రిభుజం అల్లుకుంటూ దేశాన్ని కొలవడం మొదలుపెట్టాడు. కన్యాకుమారి నుంచి ఉత్తరానికి సాగిన ప్రధాన రేఖ రాయలసీమ గుండా, హైదరాబాద్ రాజ్యం గుండా పోయింది. గుత్తి దగ్గర, బీదర్ దగ్గర మళ్లీ ఆధార రేఖలు కొలిచి సరిచూసుకున్నారు. లాంబ్టన్ కింద చేరిన జార్జ్ ఎవరెస్ట్ 1819లో కృష్ణా గోదావరుల మధ్య ఎల్లాపురం అడవుల్లో పని చేస్తూ విషజ్వరం పాలయ్యాడు. బృందంలో చాలామంది పడకేశారు. అతను చావు తప్పి హైదరాబాద్ చేరాడు. ఒళ్లు కుదుటపడడానికి మరుసటి ఏడాది దక్షిణాఫ్రికా పంపారు. అక్కడ ఖాళీగా కూర్చోలేక, డెబ్బై ఏళ్ల కిందట ఒక ఫ్రెంచి ఖగోళవేత్త చేసిన కొలతలో తేడా ఎందుకొచ్చిందో తవ్వాడు. పక్కనున్న కొండలు తమ బరువుతో తూకపు గుండును లాగి ఉంటాయని తేల్చాడు. మన జ్వరం అలా అతనికి ఒక పాఠం నేర్పింది.

గుండును కొండ లాగడం అంటే ఇది. మేస్త్రీ గోడ నిటారును చూడడానికి దారం కట్టి వదిలే గుండు భూమి మధ్యకు వేలాడుతుందని అనుకుంటాం. పక్కన పెద్ద కొండ ఉంటే దానికీ ఆకర్షణ ఉంటుంది, గుండు వెంట్రుకవాసి అటు ఒరుగుతుంది. నక్షత్రాల్ని చూసి అక్షాంశం లెక్కగట్టేవాడికి నెత్తి మీద ఆకాశం ఎక్కడో చెప్పేది ఆ గుండే. గుండు ఒరిగితే అక్షాంశం తప్పుతుంది.

ఎవరెస్ట్ సర్వేయర్ జనరల్ అయ్యాక ప్రధాన రేఖను హిమాలయాల వైపు పూర్తి చేశాడు. కొండలకు తగినంత దూరంలో ఉండాలని ఉత్తర కొసను ముజఫర్‌నగర్ దగ్గరి కాలియానాలో పెట్టాడు. అక్కడికీ మధ్యభారతంలోని కల్యాణ్‌పూర్‌కీ మధ్య దూరాన్ని రెండు విధాల లెక్కించారు. త్రిభుజాలు కట్టి ఒకసారి, నక్షత్రాలు చూసి ఒకసారి. రెండింటికీ 5.236 సెకండ్ల తేడా వచ్చింది. నేల మీద అది దాదాపు 160 మీటర్లు. ఆరు వందల కిలోమీటర్ల దూరంలో 160 మీటర్లంటే ఇంకెవరైనా పోనీలెమ్మనేవాళ్లు. ఎవరెస్ట్ బృందం అంత తప్పు చేయదని అందరికీ తెలుసు. అతను దాన్ని కొలతల మధ్య సర్దేశాడు. దక్షిణాఫ్రికాలో నేర్చిన పాఠాన్ని ఇంటి ముందున్న కొండలకు ఎందుకు అన్వయించలేదో మరి!

ఆ పని కలకత్తాలో ఉన్న ఒక చర్చి అధికారి చేశాడు. జాన్ హెన్రీ ప్రాట్ ఆర్చ్‌డీకన్; కేంబ్రిడ్జిలో గణితం చదివినవాడు. హిమాలయాల బరువుతో పాటు వాటి వెనకున్న పీఠభూమి బరువునూ లెక్కలోకి తీసుకుని, కాలియానాలో గుండు ఎంత ఒరగాలో 1854లో గుణించాడు. టిబెట్ ఎంత ఎత్తో, ఎంత వెడల్పో అప్పటికి ఉన్నవి అరకొర అంచనాలే. నైన్ సింగ్ ఇంకా డెహ్రాడూన్ రాలేదు. ఆ అంచనాల్ని ఎంత తగ్గించి వేసినా ప్రాట్‌కు పెద్ద జవాబే వచ్చింది. రెండు ఊళ్ల మధ్య తేడా 15.885 సెకండ్లు ఉండాలి. వచ్చిందేమో 5.236. తేడా ఎందుకు వచ్చిందని మొదలైన ప్రశ్న, తేడా ఇంత తక్కువగా ఎందుకు వచ్చిందన్న ప్రశ్నగా మారింది. అంత పెద్ద కొండలు, అంత పెద్ద పీఠభూమి, లాగాల్సిన దాంట్లో మూడో వంతే లాగుతున్నాయి. అంటే వాటి కింద ఎక్కడో బరువు తగ్గింది.

కొద్ది వారాల్లోనే లండన్‌లో రాజ ఖగోళవేత్త జార్జ్ ఎయిరీ జవాబు పంపాడు. నాలుగు పేజీల వ్యాసం. నీళ్ల మీద తేలే దుంగల్ని చూడమన్నాడు. ఒక దుంగ మిగతావాటి కన్నా పైకి లేచి కనిపిస్తే, అది కిందికి కూడా వాటికన్నా లోతుగా మునిగి ఉందని అర్థం. కొండలూ అంతే, తేలికైన రాయి లోపలున్న బరువైన పదార్థం మీద తేలుతోంది. పైన పీఠభూమి ఎంత ఎత్తో, కింద దాని వేరు అంతకు ఎన్నో రెట్లు లోతు. పైన ఉన్న బరువు లాగుతుంది, కింద ఉన్న తేలిక ఆ లాగుడును తగ్గిస్తుంది. ప్రాట్ ఒప్పుకోలేదు. 1859లో తన వివరణ ఇచ్చాడు: వేర్లేమీ లేవు, ఎత్తైన చోట రాయే తేలికైనది. ఇద్దరి మాటల్లోనూ నిజముందని తర్వాత తేలింది. టిబెట్ విషయంలో ఎక్కువ గెలిచింది ఎయిరీ. ఖండాల కింద భూపటలం మందం మామూలుగా 35 నుంచి 40 కిలోమీటర్లు. టిబెట్ కింద 70, కొన్ని చోట్ల ఇంకా ఎక్కువ.

ఆ వేరు ఎలా వచ్చిందో చెప్పినవాడు స్విట్జర్లాండ్ భూగర్భవేత్త ఎమిల్ అర్గాండ్. భారత భూఖండం ఆసియా కిందికి దూరిపోయి, పటలం మీద పటలం చేరిందని 1924లో రాశాడు. ఖండాలు కదులుతాయంటే నవ్వే రోజులవి. 1990లలో చైనా, అమెరికా, జర్మనీ, కెనడా శాస్త్రవేత్తలు కలిసి ఇండెప్త్ పేరుతో భూకంప తరంగాలతో పీఠభూమి లోపలికి తొంగి చూశారు. భారత పటలం హిమాలయాల కింది నుంచి టిబెట్ అడుగుకు వెళ్లి ఉండడం కనిపించింది. రెండు ఖండాలు తాకింది సుమారు అయిదు కోట్ల ఏళ్ల కిందట. మనం ఎక్కిన పలక ఇప్పటికీ ఏడాదికి నాలుగైదు సెంటీమీటర్లు ఉత్తరానికి జరుగుతోంది. పీఠభూమి ఇప్పటి ఎత్తుకు ఎప్పుడు చేరిందన్న దాని మీద మాత్రం పండితుల తగాదా ఇంకా తెగలేదు.

నైరుతి రుతుపవనాల పాఠంలో టిబెట్ పేరు మన పిల్లలు చదువుతారు. వేసవిలో ఆ ఎత్తైన నేల వేడెక్కి గాలిని పైకి లాగుతుందని, దానివల్లే మనకు వానలని. 2010లో బూస్, క్వాంగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కంప్యూటర్ నమూనాలో పీఠభూమిని తీసేసి హిమాలయాల గోడను మాత్రం ఉంచి చూశారు. వానలు పెద్దగా తగ్గలేదు. ఉత్తరపు చల్లని పొడిగాలి కిందికి రాకుండా గోడ అడ్డుపడడమే ముఖ్యమని వాళ్ల వాదన. ఈ తగాదా కూడా ముగియలేదు. పాఠ్యపుస్తకాల్లో ఒక వాక్యం మార్చే సమయం మాత్రం వచ్చింది.

ఇక నది. పీఠభూమి కొలతల్లో అందరినీ ఎక్కువ కాలం వేధించింది సాంగ్‌పో. పడమటి నుంచి తూర్పుకు సాఫీగా పారి, నామ్చా బర్వా శిఖరం దగ్గర కొండల్లోకి దూరి మాయమైపోతుంది. అది బ్రహ్మపుత్రగా బయటపడుతుందా, ఐరావతిలో కలుస్తుందా? 1880లో సర్వే అధికారి హార్మన్ ఒక ఉపాయం పన్నాడు. గుర్తులు బిగించిన దుంగల్ని ఎగువన వదలాలి, దిగువన అస్సాంలో మనుషుల్ని కాపలా పెట్టాలి. ఆ పనికి ఒక చీనా లామాను, అతనికి తోడుగా డార్జిలింగ్‌లో బట్టలు కుట్టుకునే కింథప్‌ను పంపాడు. కింథప్‌కు చదవడం, రాయడం రాదు.

లామా దారిలో సుఖాలు మరిగి, డబ్బు తగలేసి, చివరికి కింథప్‌ను ఒక ఊరి అధికారికి బానిసగా అమ్మి తన దారిన పోయాడు. నెలల తర్వాత కింథప్ పారిపోయాడు. తరుముకొచ్చినవాళ్ల నుంచి మార్పుంగ్ మఠాధిపతి యాభై రూపాయలిచ్చి విడిపించి, తన దగ్గర పనికి పెట్టుకున్నాడు. ఈ స్థితిలో ఇంకెవరైనా ఇంటి దారి వెతుక్కుంటారు. కింథప్ తీర్థయాత్రకని మఠాధిపతిని సెలవడిగి, అడవిలో అడుగు పొడవున్న దుంగలు అయిదు వందలు కోసి, ఒక గుహలో దాచి, మళ్లీ మఠానికి వచ్చాడు. ఇంకోసారి సెలవడిగి లాసా నడిచి, అక్కడ కలిసిన సిక్కిం మనిషి చేత సర్వే శాఖకు ఉత్తరం రాయించాడు. ఫలానా నెల ఫలానా తేదీ నుంచి రోజుకు యాభై చొప్పున పది రోజులు వదులుతానని. మళ్లీ మఠానికొచ్చి, ఆ రోజు దాకా చాకిరీ చేసి, మాట ప్రకారం పది రోజులూ వదిలాడు.

ఉత్తరం అందాల్సినవాళ్లకు సమయానికి అందలేదు. హార్మన్ అప్పటికే జబ్బుపడి దేశం విడిచి వెళ్లాడు, 1883లో ఫ్లోరెన్స్‌లో చనిపోయాడు. అయిదు వందల దుంగలూ ఎవరూ చూడకుండా అస్సాం దాటి బంగాళాఖాతంలో కలిశాయి. కింథప్ నది వెంట దిగువకు నడిచి, బ్రిటిష్ సరిహద్దుకు కొద్ది దూరంలో అడవి తెగలు అడ్డగించడంతో వెనుదిరిగి, 1884లో డార్జిలింగ్ చేరాడు. చూసిందంతా జ్ఞాపకం నుంచి చెబితే గుమాస్తాలు రాసుకున్నారు. పెద్దలు చాలామంది నమ్మలేదు. చదువురాని దర్జీ మాట!

1913లో బెయిలీ, మోర్స్‌హెడ్ అనే ఇద్దరు అధికారులు ఆ లోయలోకి నడిచారు. కింథప్ చెప్పిన ఊళ్లు, దూరాలు, వరుస దాదాపు అన్నీ సరిపోయాయి. ఒక్కటి తేడా వచ్చింది. నూట యాభై అడుగుల జలపాతం అని కాగితంలో ఉంది. సాంగ్‌పో మీద అక్కడ ముప్పై అడుగులదే కనిపించింది. పక్క వాగు మీదున్న జలపాతాన్ని రాసుకున్నవాళ్లే నది మీదికి ఎక్కించారని తర్వాత తేలింది. బెయిలీ తిరిగొచ్చి కింథప్ కోసం వాకబు చేస్తే, డార్జిలింగ్‌లో ఇంకా బట్టలు కుడుతున్నాడు. పింఛను ఇవ్వమని బెయిలీ అడిగాడు. ముసలివాడు చాలాకాలం బతికితే ఖజానాకు భారమన్నట్టు ప్రభుత్వం పింఛను కాదని వెయ్యి రూపాయలు చేతిలో పెట్టింది. కింథప్ ఆ తర్వాత ఎన్నాళ్లో బతకలేదు. నైన్ సింగ్‌కు పతకం, కింథప్‌కు వెయ్యి రూపాయలు. ఇద్దరి పనినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకైతే రెండోదే గొప్పదనిపిస్తుంది.

కింథప్ తిరిగిన చోట, నామ్చా బర్వా దగ్గరి మలుపులో నది రెండు వేల మీటర్లకు పైగా దిగుతుంది. అంత నీరు అంత కొద్ది దూరంలో అంత లోతుకు పడే చోటు ప్రపంచంలో మరొకటి దొరకడం కష్టం. 2025 జూలైలో చైనా అక్కడ జలవిద్యుత్ ప్రాజెక్టు పనులు మొదలుపెట్టింది. అనుకుంటున్న సామర్థ్యం 60,000 మెగావాట్లు. ఇప్పుడు ప్రపంచంలో పెద్దదైన త్రీ గోర్జెస్‌ది 22,500. సాంగ్‌పోయే కింద బ్రహ్మపుత్ర; దిగువన ఉన్నవి అరుణాచల్, అస్సాం, బంగ్లాదేశ్. వరదల కాలంలో బ్రహ్మపుత్ర ఎగువ నీటి మట్టాలను భారత్‌కు తెలియజేసే ఒప్పందం గడువు 2023 జూన్‌లో తీరిపోయింది.